ఎనామెల్ బోర్డుల సేకరణ: అందరూ వద్దనే సలహాలు

పాత ఎనామెల్ బోర్డుల మీద మోజు బాగా పెరిగింది. కాఫీ హోటళ్ళ గోడల మీద, సినిమా సెట్లలో, కొత్తగా కట్టుకున్న ఇళ్ళ హాళ్ళలో టీపొడి, సబ్బు, పెట్రోలు, బూటు పాలిష్ ప్రకటనల రేకులు వేలాడుతున్నాయి. మోజుతో పాటే సలహాలూ వచ్చిపడ్డాయి. గోడ మీద కనబడితే ఎవరూ పట్టుకుపోకముందే దించెయ్యమంటారు. యజమానికి విలువ తెలియనివ్వకుండా బేరమాడమంటారు. ఇంటికి తెచ్చి తళతళలాడేలా తోమమంటారు. తుప్పు గీకి, పెచ్చులూడిన చోట రంగు నింపి, ఫ్రేము కట్టించమంటారు.

నేను చెప్పబోయేవి వీటన్నిటికీ ఎదురు. వ్యాపారంలో ఉన్నవాళ్ళు వింటే ఇవి బుద్ధిలేని సలహాలంటారు. ఇవి పాటిస్తే మీ దగ్గర చేరే బోర్డులు తక్కువవుతాయి, చేరినవి అంతగా మెరవవు, అమ్మకానికి పెడితే పెద్ద ధర పలకవు. అయినా ఇవే పాటించమని బతిమాలుతున్నాను. ఎందుకంటే ఒక్కో బోర్డూ ఒక బజారు బతికిన తీరుకు సాక్ష్యం. మనం తోమిపారేసేది ఆ సాక్ష్యాన్నే.

ముందుగా ఆ వస్తువేమిటో తెలియాలి. ఎనామెల్ అంటే పెయింటు కాదు, గాజు. ఉక్కు రేకును కావలసిన కొలతకు కోసి, స్క్రూలకు బెజ్జాలు కొట్టి, శుభ్రం చేసి, గాజు పొడి కలిపిన ముద్దను దాని మీద పూస్తారు. ఆరాక సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమీదున్న కొలిమిలో కాలుస్తారు. గాజు కరిగి ఇనుముకు అతుక్కుంటుంది. మొదటి పూత సాధారణంగా నల్లగానో ముదురు నీలంగానో ఉంటుంది. రేకును గట్టిగా పట్టుకోవడానికి అందులో కోబాల్టు కలుపుతారు. దాని మీద తెలుపు, ఆ పైన స్టెన్సిళ్ళతో ఒక్కో రంగూ వేసి, మళ్ళీ మళ్ళీ కాలుస్తారు. వెనకవైపు కూడా పూత ఉంటుంది, లేకపోతే రేకు కొలిమిలో వంకర్లు పోతుంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సెల్లీ ఓక్‌లో 1889లో పెద్ద ఎత్తున ఈ బోర్డుల తయారీ మొదలైంది. జర్మనీలోనూ ఈ పరిశ్రమ బాగా సాగింది. మన దేశపు బజార్లకు తొలిరోజుల్లో వచ్చిన బోర్డుల్లో చాలావాటి అంచున ఇంగ్లండు పేరో జర్మనీ పేరో కనిపించేది అందుకే. ఎండకూ వానకూ రంగు వెలిసిపోని ప్రకటన అప్పట్లో దాదాపు ఇదొక్కటే.

1. గోడ మీదున్న బోర్డును దించకండి

పాత కిరాణా కొట్టు తలుపు పక్కన ఒక సబ్బు బోర్డు ఉందనుకోండి. ఎంత ఎత్తున కొట్టారు? నడిచేవాళ్ళ కంటికి అందేలాగా, ఎడ్లబండి మీద కూర్చున్నవాళ్ళకి కనిపించేలాగా? ఏ దిక్కుకు తిప్పారు, బస్టాండు వైపా, సంత వైపా? తెలుగు అక్షరాలు పైనున్నాయా, ఇంగ్లీషు పైనుందా? పక్కనే ఇంకో కంపెనీ బోర్డు ఊడిపోయిన మచ్చ ఉందా? ఈ సంగతులన్నీ గోడకు చెందినవి. బోర్డు దించి హాల్లో పెట్టుకున్న రోజున ఇందులో ఒక్కటీ మీ వెంట రాదు.

అందుకని మొదట చెయ్యాల్సింది కొట్టువాళ్ళతో మాట్లాడటం. "మీ తాతగారి నాటిదాండీ?" అని అడిగి, దూరం నుంచి ఒక ఫొటో, దగ్గర నుంచి ఒకటి, వీధి మొత్తం కనిపించేలా ఇంకొకటి తీసుకోండి. స్క్రూలు వదులైతే బిగించే ముందు రేకుకూ స్క్రూ తలకూ మధ్య నైలాన్ వాషర్లు వెయ్యమని చెప్పండి. అంతవరకే. ఆ బోర్డు మీది కాకపోయినా దాన్ని కాపాడినవాళ్ళు మీరే అవుతారు.

దించక తప్పని రోజులూ ఉంటాయి. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కొట్టు పడగొడుతున్నారు, రేపు జేసీబీ వస్తుంది. అప్పుడు గునపంతో పెకలించకండి. ముందు రోజు రాత్రే స్క్రూల మీద తుప్పు వదిలించే నూనె వెయ్యండి, అది లేకపోతే కిరసనాయిలు. తెల్లారాక స్క్రూ తిరగకపోతే బలవంతం చెయ్యొద్దు. స్క్రూ తల కింద గాజు నక్షత్రంలా పగిలేది సరిగ్గా ఆ బలవంతం వల్లే. గోడకూ రేకుకూ మధ్య సందులోంచి హ్యాక్సా బ్లేడు దూర్చి స్క్రూ కాడను కోసెయ్యండి. కోసేంతసేపూ ఒకరు బోర్డును కింది అంచున రెండు చేతులతో పట్టుకుని ఉండాలి.

2. బేరమాడకండి

పాత ఇనప సామాన్లవాళ్ళు ఈ రేకుల్ని కిలోల లెక్కన కొంటారు. ఆ ధర తెలుసు కాబట్టి దానికి కొంచెం పైన చెప్పి కొనెయ్యడం తెలివి అనుకుంటారు చాలామంది. అలా చెయ్యకండి. ఆ బోర్డు బయట ఎంతకు పోతుందో అమ్మేవాళ్ళకు ముందే చెప్పండి. కొందరు అది విని అమ్మడం మానేస్తారు. మంచిదే, బోర్డు తన చోటే ఉంటుంది. అమ్మేవాళ్ళు మాత్రం మీతో మనసు విప్పి మాట్లాడతారు. ఎప్పుడు కొట్టారు, ఎవరొచ్చి కొట్టారు, కంపెనీ ఏజెంటు బదులుగా ఏమిచ్చేవాడు, దాని కింద ఏం అమ్మేవాళ్ళు... తుక్కు ధరకు గుంజుకున్నవాడికి ఇవి ఎవరూ చెప్పరు. ఒక కాగితం మీద ఊరు, వీధి, కొట్టు పేరు, తేదీ రాసి వాళ్ళ సంతకం తీసుకోండి. బోర్డు వెల కన్నా ఆ కాగితం వెల ఎక్కువ.

3. మెరిసేదాన్ని కొనకండి, దెబ్బతిన్నదాన్ని చూడండి

ముంబైలో చోర్ బజారు నుంచి హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజారు దాకా కొత్తగా చేసిన "పాత" బోర్డులు దండిగా దొరుకుతాయి. నిజమైన పాతదాన్ని దాని గాయాలే పట్టిస్తాయి. కాబట్టి బొమ్మను చూడటం ఆపి, ఊడిన పెచ్చు దగ్గర కన్ను పెట్టండి.

బయటి అంచున రంగు, దాని లోపల సన్నటి తెల్ల వలయం, ఆ లోపల నల్లటి లేదా ముదురు నీలపు వలయం, మధ్యలో ఇనుము. అసలైన గాయంలో ఈ పొరలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. మధ్యలో ఇనుము గోధుమ నలుపు రంగుకు తిరిగి, గట్టిగా, నున్నగా ఉంటుంది. వేలికి అంటదు. నకిలీలో తుప్పు నారింజ రంగులో, పొడిపొడిగా ఉండి, వేలికి అంటుతుంది. యాసిడో ఉప్పునీళ్ళో పోసి పుట్టించిన తుప్పు అది.

దెబ్బలు ఎక్కడున్నాయో కూడా చూడండి. స్క్రూ బెజ్జాల చుట్టూ, మూలల్లో, నీళ్ళు నిలిచే కింది అంచున పెచ్చులూడటం సహజం. పిల్లలు రాళ్ళు విసిరితే తగిలే దెబ్బ గుండ్రంగా, చుట్టూ సన్నటి గీతలతో ఉంటుంది. అలా కాకుండా సుత్తితో అక్కడక్కడా సమానంగా కొట్టినట్టుంటే అనుమానించండి. బెజ్జం అంచు తడిమి చూడండి. కాల్చక ముందే కొట్టిన బెజ్జమైతే గాజు దాని లోపలి అంచు దాకా ప్రవహించి ఉంటుంది. తరవాత డ్రిల్ చేసినదైతే కోసిన ఇనుము బయటపడి కనిపిస్తుంది. పాత బోర్డుకు కొట్టువాళ్ళు తమ వీలు కోసం అదనంగా బెజ్జాలు పెట్టుకుని ఉండొచ్చు. కానీ అన్ని బెజ్జాలూ అలాగే ఉంటే అది పాతదని నమ్మకండి. చివరగా అక్షరం అంచు మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. స్టెన్సిల్‌తో వేసిన మందపాటి రంగైతే గోరుకు సన్నటి గట్టు తగులుతుంది.

4. పేరున్న బ్రాండ్ల వెంట పడకండి

ఎక్కువమంది ఒకే కంపెనీ బోర్డులు పోగు చేస్తారు. మీరు ఒకే ఊరివి పోగు చెయ్యండి. వీలైతే ఒకే బజారువి. టీ బోర్డు పక్కన కుట్టుమిషను బోర్డు, దాని పక్కన మునిసిపాలిటీవాళ్ళ నీలం రేకు ఇంటి నంబరు, వీధి పేరు పలక, డాక్టరుగారి పేరు బోర్డు, సైకిల్ టైర్ల బోర్డు. వీటిలో సగానికి మార్కెట్లో విలువే లేదు. తుక్కులో ముందుగా పోయేవి కూడా అవే. నీలం మీద తెల్ల అంకె తప్ప ఏమీ లేని ఇంటి నంబరు రేకును ఎవరూ దాచరు. కానీ వీధి నంబర్లు మార్చేశాక ఆ ఇల్లు ఎక్కడుండేదో చెప్పగలిగింది ఆ రేకొక్కటే. తెలుగు అక్షరాలున్న బోర్డు కనబడితే మాత్రం కంపెనీ ఏదని చూడకండి, వదలకండి. ఆ అక్షరాల వంపుల్లో ఆనాటి చేతిరాత ఉంటుంది.

5. కొన్న వెంటనే కడగకండి, చదవండి

ఇంటికి తెచ్చిన బోర్డు కొన్నాళ్ళపాటు నీళ్ళకు దూరంగా ఉండాలి. దాని మీదున్న మురికి కూడా చెప్పే సంగతులుంటాయి. పైన సున్నం చుక్కలుంటే, ప్రతి ఏడూ కొట్టుకు సున్నం వేసేవాళ్ళని అర్థం. అంచు చుట్టూ నీలం డిస్టెంపర్ గీత ఉంటే గోడ రంగు తెలుస్తుంది. వెనకవైపు బొగ్గుతోనో పెన్సిల్‌తోనో రాసిన అంకెలుంటే అవి తూనికలో బాకీలో కావచ్చు. ముందు అన్నీ ఫొటో తీసుకోండి. పక్కనుంచి టార్చి వెలుతురు వేస్తే పెయింటు కింద దాగిన అక్షరాలు కూడా ఉబ్బెత్తుగా బయటపడతాయి.

బోర్డు వయసును బొమ్మను బట్టి ఊహించకండి. చిన్న అక్షరాలు చదవండి. ధర అణాల్లో ఉంటే అది బహుశా 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రాకముందు తయారై ఉండాలి. "నయా పైసలు" అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, ఎందుకంటే 1964 జూన్‌లో "నయా" తీసేశారు. చిరునామాలో పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతిది. పెట్రోలు బోర్డుల తేదీలు కంపెనీల చరిత్రలోనే దొరుకుతాయి. బర్మా షెల్ అన్న జంట పేరు 1928లో మొదలై, 1976లో జాతీయం చేశాక పోయింది. అదే భారత్ పెట్రోలియం అయింది. ఎస్సో 1974లో హిందుస్థాన్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ బోర్డుకైతే మన గడ్డతోనే చుట్టరికముంది. ఆ కంపెనీ విశాఖపట్నంలో కట్టిన రిఫైనరీ 1957లో పని మొదలుపెట్టి, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. కాల్టెక్స్ ఎర్ర నక్షత్రం బోర్డు ఒకటి ఉత్తరాంధ్ర ఊరి గోడ మీద దొరికితే, దాని వెనక విశాఖ రేవూ ఆ రిఫైనరీ ఉండొచ్చని రాసిపెట్టుకోండి.

ఇవన్నీ బోర్డు తయారైన కాలాన్ని చెబుతాయి. గోడ మీద ఎన్నాళ్ళుందన్నది వేరే లెక్క. పేరు మారిన కంపెనీ బోర్డు పాతికేళ్ళు అలాగే వేలాడిన కొట్లూ ఉన్నాయి. అది చెప్పగలిగింది కొట్టువాళ్ళే.

6. కడిగేటప్పుడు సగంలో ఆపండి

ఇక్కడే ఎక్కువ బోర్డులు పాడవుతాయి. మన ఇళ్ళలో ఇత్తడికి చింతపండు, స్టీలుకు పౌడరు, బాత్‌రూం టైల్స్‌కు యాసిడ్ వాడతాం కాబట్టి, మెరవాల్సిన దేనికైనా వీటిలో ఒకటి సరిపోతుందనిపిస్తుంది. ఎనామెల్‌కు మూడూ శత్రువులే. చింతపండు, నిమ్మ ఉప్పు, టాయిలెట్ యాసిడ్ లాంటి పులుపులు గాజు పైపొరను తినేస్తాయి. ముందు తుప్పు పోయి శుభ్రమైనట్టే కనిపిస్తుంది. ఆరాక చూస్తే నిగనిగలాడాల్సిన చోట సుద్ద రాసినట్టు తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆ నిగనిగ మళ్ళీ రాదు. గిన్నెలు తోమే పౌడరు, స్టీలు పీచు, ఎమిరీ పేపరు గాజు మీద సన్నటి గీతలు పెడతాయి. ఆ గీతల్లో కొత్త మురికి చేరి శాశ్వతంగా ఉండిపోతుంది.

కావలసినవి ఇవే: గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల గాఢత తక్కువ లిక్విడ్ సబ్బు, మెత్తటి నూలు గుడ్డలు, పళ్ళు తోముకునే మెత్తటి బ్రష్షు. నీడలో పని చెయ్యండి. ఎండలో కాలిన రేకు మీద చన్నీళ్ళు పోస్తే గాజూ ఇనుమూ వేర్వేరు వేగాలతో ముడుచుకుని గాజు పగుళ్ళిస్తుంది. బోర్డును నీళ్ళలో ముంచకండి, తడి గుడ్డతో కొంచెం కొంచెంగా తుడవండి. పెచ్చులూడిన చోట్ల చుట్టూ మాత్రమే తుడిచి, ఇనుము మీదికి నీళ్ళు పోనివ్వకండి. అయిపోయిన వెంటనే పొడి గుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద పెట్టండి.

సున్నం పొరను యాసిడ్‌తో వదిలించాలని చూడొద్దు. తడి గుడ్డ కాసేపు కప్పి నానబెట్టి, వెదురు పుల్లతో మెల్లగా లేపండి. ఆయిల్ పెయింటు మరకలకు దూదికి థిన్నర్ అద్ది వాడొచ్చు, గాజును అది ఏమీ చెయ్యదు. కానీ మొదట ఒక మూల చిన్నచోట చూడండి. ఆ "మరక" కొట్టువాళ్ళు చేత్తో రాయించుకున్న తమ పేరే కావచ్చు. అలాంటిదైతే అక్కడే ఆపండి. కంపెనీ అచ్చు ఎన్ని బోర్డుల మీదైనా ఉంటుంది, ఆ కొట్టు పేరు ఈ ఒక్కదాని మీదే ఉంటుంది.

బోర్డు మెరవకముందే, అక్షరాలు స్పష్టంగా చదవగలిగిన క్షణంలో పని ఆపెయ్యండి. మిగిలిన మరకల్ని మీ తరవాత ఎవరైనా తీసుకోవచ్చు. తీసేసినవాటిని తిరిగి పెట్టడం మాత్రం ఎవరి తరమూ కాదు.

7. తుప్పును వదిలెయ్యండి

తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. పెచ్చు ఊడిన చోట చెమ్మ తగిలితే తుప్పు పక్కకి పాకి, గాజు కిందికి దూరి, దాన్ని పైకి లేపుతుంది. గోడలో చెమ్మ సున్నాన్ని లోపల్నుంచి పొంగించినట్టే. కాబట్టి తుప్పును తొలగించాలన్న ఆత్రం సహజం. అయితే ఎమిరీతో గీకినా, మిషను పెట్టి రుద్దినా దాని చుట్టూ వదులుగా ఉన్న గాజు అంచులు కూడా రాలిపోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండొచ్చు, ఎరుపు, పసుపు రంగుల్లో కాడ్మియం ఉండొచ్చు. రుద్దితే వచ్చే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ పని అసలు చెయ్యకూడదు.

వదులుగా రాలే పొడిని మెత్తటి బ్రష్షుతో దులపండి, మాస్కు వేసుకుని. గట్టి గోధుమ రంగు తుప్పును అలాగే ఉంచండి. చెమ్మ తగలనంతకాలం అది పెద్దగా పాకదు. బోర్డు బాగా ఆరాక ఆ గాయాల మీద రంగులేని మైనాన్ని పలచగా రాసి, గుడ్డతో తుడవండి. మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ దొరికితే అదే వాడండి, మ్యూజియంలవాళ్ళూ లోహాలకు దాన్నే వాడతారు. మన కోస్తా ఊళ్ళలో ఉప్పుగాలి, వానాకాలం చెమ్మ ఎక్కువ కాబట్టి ఏటా ఒకసారి చూసుకుని మళ్ళీ రాయండి. బోర్డును బయటి గోడకు ఆనించకండి. వెనక గాలి ఆడేలా రబ్బరు ముక్కలు పెట్టి వేలాడదీయండి.

8. పెచ్చులు పూడ్చకండి, వంకరలు సరిచెయ్యకండి

కొందరు ఊడిన చోట కార్ల పుట్టీ నింపి, రంగు కలిపి, వార్నిషు పూసి ఇస్తారు. కొన్నాళ్ళకి ఆ వార్నిషు పసుపు తిరుగుతుంది, పుట్టీ కింద చెమ్మ చిక్కి తుప్పు రెట్టింపవుతుంది. బోర్డులో ఎంత అసలుదో ఎంత అతుకో చెప్పడం కూడా కష్టమవుతుంది.

వంకర పోయిన రేకును సుత్తితో చదును చెయ్యాలని చూస్తే గాజు పటపట ఊడుతుంది. ఇనుము వంగినంత తేలిగ్గా గాజు వంగదు. చాలా పాత బోర్డులు తయారయ్యేటప్పుడే మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. దాన్ని వంకరనుకుని నొక్కకండి. భద్రపరచేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టడం కూడా మానండి. చెక్క పట్టీల మీద నిలబెట్టి, మధ్యలో మందపాటి గుడ్డ వేసి, ముఖం ముఖం తగలకుండా పెట్టండి.

9. విదేశాలకు తీసుకెళ్ళకండి

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళు సెలవులకు వచ్చి తాతల ఊరి గుర్తుగా ఒక బోర్డు సూట్‌కేసులో పెట్టుకెళ్ళాలనుకుంటారు. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక, కళా వస్తువులను వ్యక్తులు దేశం దాటించడం నేరం. వందేళ్ళు దాటిందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా భారత పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న పత్రం తీసుకోవాలి. చట్టం అడ్డురాని బోర్డైనా సరే, ఇక్కడే ఉంచండి. ఊరి లైబ్రరీలోనో, చదువుకున్న బడిలోనో, అదే బజారులో ఇంకా నడుస్తున్న ఏదో ఒక కొట్టులోనో పెట్టించండి. మీకు కావలసింది ఫొటో, దాని కథ. ఆ రెండూ సూట్‌కేసులో పడతాయి.

10. ప్రతి బోర్డు వెనకా ఒక చీటీ పెట్టండి

ఇది పదో సలహా, అన్నిటికన్నా ముఖ్యమైనది. మిగిలిన తొమ్మిదీ మరిచిపోయినా ఫరవాలేదు. మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాయండి. ఏ ఊరు, ఏ వీధి, ఏ కొట్టు. ఎంత ఎత్తున, ఏ దిక్కుకు ఉండేది. ఎవరి నుంచి, ఎప్పుడు, ఎంతకు తీసుకున్నారు. ఏమేం కడిగారు, ఏమేం వదిలేశారు. కొట్టువాళ్ళు చెప్పిన మాటలు వాళ్ళ మాటల్లోనే. మీ తరవాత ఈ బోర్డు ఎక్కడికి వెళ్ళాలని మీరనుకుంటున్నారు. చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బోర్డు వెనక బెజ్జానికి నూలు దారంతో కట్టండి. జిగురు వాడొద్దు, టేపూ వద్దు. ఇంకో ప్రతి తీసి ఆ బోర్డిచ్చిన ఇంటికి పంపండి.

మీ ఇంట్లో ఇప్పటికే బోర్డులుంటే ఈ ఆదివారం వాటికి చీటీలు రాయడం మొదలుపెట్టండి. ఏ ఊరిదో గుర్తులేనివి ఉంటాయి. అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి అడగండి. పాత కొట్ల యజమానులు పెద్దవాళ్ళవుతున్నారు. తోమడం ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఆ ఫోన్ మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.